మధ్యతరహా, చిన్న పట్టణాల్లో నడక, నివాసయోగ్యత: నంద్యాల, ఆళ్లగడ్డ

చుట్టుపక్కల పల్లెలకు తానే సంతగా, ఆసుపత్రిగా, చదువుల కేంద్రంగా నిలిచిన ఊరు మధ్యతరహా పట్టణం. అలాంటి పట్టణంలో మనుషులు భయం లేకుండా నడవగలగడం, ఎండకు నీడ, దాహానికి నీరు, కూర్చోడానికి చోటు దొరకడం, బయటి నుంచి వచ్చినవారు దారి తెలియక ఇబ్బంది పడకపోవడం నివాసయోగ్యతకు కొలతలు. ఆంధ్రప్రదేశ్‌లోని నంద్యాల, దానికి దక్షిణాన నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఆళ్లగడ్డ ఈ విషయాన్ని పరిశీలించడానికి అనువైన జంట. మొదటిది జిల్లా కేంద్రంగా మారి వేగంగా పెరుగుతున్న పట్టణం. రెండోది పల్లె లక్షణాలు ఇంకా వదలని చిన్న పట్టణం. రెండింటినీ కర్నూలు, కడప మీదుగా చిత్తూరు వైపు సాగే 40వ నంబరు జాతీయ రహదారి కలుపుతోంది.

నైసర్గిక స్థితి, ఎదుగుదల

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల కొండల మధ్య పరుచుకున్న కుందూ లోయలో ఈ రెండు పట్టణాలూ ఉన్నాయి. నేల ఎక్కువగా నల్లరేగడి. వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో నెర్రెలిచ్చే ఈ నేల మీద రోడ్డు గానీ కాలిబాట గానీ గట్టి పునాది లేకుండా వేస్తే రెండు మూడేళ్లలో కుంగిపోతుంది. ఇక్కడి వీధుల నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు మొదట గుర్తుంచుకోవలసిన విషయం ఇది.

నంద్యాల చుట్టూ తొమ్మిది నంది క్షేత్రాలున్నాయి. వాటిలో కొన్ని పట్టణంలోనే ఉండగా, మహానంది నల్లమల పాదంలో ఉంది. 19వ శతాబ్దంలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలువ ఈ లోయకు సాగునీరు తెచ్చింది. ఆ కాలువను 1882లో ప్రభుత్వం కొనుగోలు చేసింది. గుంతకల్లు నుంచి గుంటూరు వైపు వెళ్లే రైలుమార్గం అదే శతాబ్దం చివర్లో నంద్యాలను తాకింది. కాలువ కింద పండిన వరి, మెట్టన పండిన పత్తి, వాటిని మోసుకుపోయే రైలు కలిసి నంద్యాలను వ్యాపార కేంద్రంగా మార్చాయి. 1899లో పురపాలక సంఘం, 1906లో వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఏర్పడ్డాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా 2,00,516. 2016లో ఎర్రగుంట్ల వరకు కొత్త రైలుమార్గం పూర్తయింది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి విడదీసి నంద్యాలను కొత్త జిల్లా కేంద్రం చేశారు.

ఆళ్లగడ్డకు రైలు లేదు. బస్సే ఆధారం. అహోబిలం వెళ్లే యాత్రికులు దిగే చోటుగానూ, చుట్టుపక్కల మండలాల రైతులకు సంతగానూ ఈ ఊరు ఎదిగింది. రాతి శిల్పులకు ప్రసిద్ధి.

ప్రణాళికల్లో స్థానం

కేంద్ర ప్రభుత్వ పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు 50 వేల నుంచి 5 లక్షల జనాభా ఉన్నవాటిని మధ్యతరహా పట్టణాలుగా, అంతకు తక్కువవాటిని చిన్న పట్టణాలుగా లెక్కిస్తాయి. ఆ లెక్కన నంద్యాల మధ్యతరహా పట్టణం, ఆళ్లగడ్డ చిన్న పట్టణం. దేశంలో పట్టణాభివృద్ధి గురించి జరిగే చర్చలో ఈ రెండు తరగతులకూ దక్కే చోటు తక్కువ. 2015లో మొదలైన స్మార్ట్ సిటీల పథకంలోని వంద నగరాల్లో రాయలసీమ నుంచి తిరుపతి ఒక్కటే ఉంది. 2020 నాటి జీవన సౌలభ్య సూచీ దేశంలో 111 నగరాలకే పరిమితమైంది. నంద్యాలకు దక్కిన ప్రధాన కేంద్ర పథకం అమృత్. 2015లో 500 పట్టణాలతో మొదలైన ఆ పథకం ప్రధానంగా తాగునీరు, మురుగు పారుదలపై దృష్టి పెట్టింది. వాహనం లేకుండా సాగే రాకపోకలు, పార్కులు కూడా దాని పరిధిలో ఉన్నా వాటి వాటా చిన్నది. 2021 అక్టోబరులో ప్రకటించిన రెండో విడతను చిన్న పట్టణాలకూ విస్తరించడంతో ఆళ్లగడ్డ లాంటి ఊళ్లకు తలుపు తెరుచుకుంది.

నంద్యాల పేరు దేశమంతా వినిపించిన సందర్భాలు ఎక్కువగా ఎన్నికలవే. 1977లో నీలం సంజీవరెడ్డి గెలుపు, 1991లో పి.వి. నరసింహారావు ఉప ఎన్నిక, 2017 శాసనసభ ఉప ఎన్నిక అలాంటివి. చివరి ఉప ఎన్నికకు ముందు పట్టణంలో రోడ్ల వెడల్పు పనులు ముమ్మరంగా సాగాయి. ఇరుకు బజారులో దుకాణాల ముందు భాగాలు తొలగించి రోడ్డు పెంచడం ఊరి రూపాన్నే మార్చింది. పెరిగిన వెడల్పులో నడిచేవారికి ఎంత, బండ్లకు ఎంత అన్నది అలాంటి ప్రతి పనిలోనూ ఎదురయ్యే ప్రశ్న. తొందరలో జరిగే పనుల్లో ఆ పంపకం చివరికి మిగిలిపోతుంది.

కాలిబాటలు

దూరాల దృష్ట్యా నంద్యాల నడకకు అనువైన ఊరు. గాంధీచౌక్, శ్రీనివాస సెంటర్, ఆత్మకూరు బస్టాండు, పద్మావతి నగర్, సంజీవనగర్, నూనెపల్లె, బొమ్మలసత్రం వంటి ముఖ్య ప్రాంతాల్లో చాలావాటికి ఒకదాని నుంచి మరొకదానికి అరగంటలోపే నడిచి వెళ్లవచ్చు. ఆళ్లగడ్డలో ఈ దూరాలు ఇంకా తక్కువ. అయినా కిలోమీటరు దూరానికి కూడా మోటారు సైకిలు తీయడం, షేర్ ఆటో ఎక్కడం అలవాటుగా మారడానికి కారణం ఓపిక లేకపోవడం కాదు. దారి తెగిపోతూ ఉండటమే కారణం.

భారత రోడ్ల కాంగ్రెస్ 2012లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం నివాస ప్రాంతాల్లో కాలిబాటకు కనీసం 1.8 మీటర్ల అడ్డులేని వెడల్పు, బజారుల్లో 2.5 మీటర్లు ఉండాలి. ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. 1.8 మీటర్లుంటే ఎదురెదురుగా వచ్చే రెండు చక్రాల కుర్చీలు ఒకదాన్నొకటి దాటగలవు. ఆచరణలో మన పట్టణాల్లో కాలిబాట అంటే మురుగు కాలువ మీద పరిచిన బండలే. ఒక ఇంటి ముందు బండ ఉంటుంది, పక్కింటి ముందు ఉండదు. ఒక దుకాణం మెట్లు కాలువ దాటి రోడ్డు మీదికి వస్తాయి, మరోచోట ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె అడ్డం నిలుస్తుంది. మోటారు సైకిలు ఇంట్లోకి ఎక్కించడానికి వేసిన సిమెంటు వాలు ఇంకోచోట దారిని కోస్తుంది. పది అడుగులకోసారి దిగి ఎక్కవలసి వస్తే పెద్దవాళ్లు, పసిపిల్లల తల్లులు, బరువు మోసేవారు రోడ్డు మీదికే దిగుతారు.

దీనికి మందు జిల్లాలోనే ఉంది. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతాల్లో నాపరాయి, పాలిష్ బండల పరిశ్రమ పెద్దది. కాలువను ఒకే మట్టంలో కట్టి, పూడిక తీయడానికి కొన్ని బండలను ఎత్తే వీలుంచి, జారని గరుకు ముఖంతో స్థానిక రాతిని పరిస్తే ఖర్చూ తగ్గుతుంది, మరమ్మతూ సులువవుతుంది. రంగుల సిమెంటు పలకలు నల్లరేగడి కదలికకు విరిగిపోతే మళ్లీ అదే నమూనా దొరకదు. రాతి బండ విరిగితే జిల్లాలోనే మరో బండ దొరుకుతుంది.

కూడళ్లు, పట్టాలు, రహదారులు

నంద్యాల పట్టణాన్ని రైలు పట్టాలు చీలుస్తాయి. నూనెపల్లె, బొమ్మలసత్రం వైపు పైవంతెనలు వాహనాల ఇబ్బందిని తగ్గించాయి. పైవంతెన బండిని తొందరగా దాటిస్తుంది, నడిచేవారికి మాత్రం దారి పెరుగుతుంది. అందుకే జనం పట్టాల మీదుగానే అడ్డంగా దాటుతుంటారు. వంతెన ఎక్కడ కట్టినా మెట్లు, వాలు దారి, కింద వెలుతురు ఉన్న నడక సొరంగం అంచనాల్లోనే చేర్చాలని పట్టణ ప్రణాళికా నిపుణులు చెప్పేది ఇందుకే.

జాతీయ రహదారి నాలుగు వరసలయ్యాక దూరప్రయాణపు లారీల ఒత్తిడి ఊరి నడిబొడ్డు నుంచి తగ్గింది. ఊళ్లోంచి పోయే పాత రహదారి అప్పుడు ఊరి వీధిగా మారాలి. చాలా పట్టణాల్లో అలా జరగదు. పాత రహదారి వెడల్పు అలాగే ఉండి, మధ్యలో డివైడరు లేచి, స్థానిక వాహనాలు అదే పాత వేగంతో పోతాయి. పాఠశాల, ఆసుపత్రి, బస్టాండు ముందు ఎత్తుగా లేపిన దాటుబాటలు, డివైడరు మధ్య నిలబడే చోటు, మలుపుల దగ్గర వేగం తగ్గించే చిన్న వంపు ఏర్పరిస్తే పాత రహదారి మళ్లీ వీధి అవుతుంది. వీటికి అయ్యే ఖర్చు ఒక పైవంతెన ఖర్చులో చిన్న వంతు.

ఈ జాగ్రత్త ఎందుకో జాతీయ లెక్కలు చెబుతాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా వారిలో 32,825 మంది పాదచారులు. అంటే ప్రతి ఐదు మరణాల్లో దాదాపు ఒకటి నడిచి వెళ్లేవారిది. పాదచారుల భద్రత కోసం కాలిబాటలు కల్పించడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టం చేసి, రాష్ట్రాలు మార్గదర్శకాలు రూపొందించాలని ఆదేశించింది.

ఎండ, నీడ, నీరు

రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో నంద్యాల ప్రాంతం తరచూ కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం పది దాటాక నడక శిక్షగా మారుతుంది. కాబట్టి ఇక్కడ కాలిబాట ఎంత వెడల్పన్న దానితో పాటు ఎంత నీడన్నదీ లెక్కే. అలంకారపు తాటిజాతి మొక్కలు, డివైడరు మీద పూలచెట్లు నడిచేవారికి నీడనివ్వవు. కానుగ, వేప, రావి, చింత వంటి నాటు చెట్లు కాలిబాట అంచున ఉండాలి. రోడ్లు వెడల్పు చేసినప్పుడు మొదట పోయేవి ఇవే. మొక్క నాటిన పదేళ్లకు గానీ నీడ రాదు కాబట్టి ఉన్న చెట్టును కాపాడుతూ రోడ్డును సర్దుకోవడమే చవక.

రాయలసీమలో దారినపోయేవారి దాహం తీర్చే సంప్రదాయం బలమైనది. వేసవిలో బజారుల్లో, బస్టాండ్ల దగ్గర చలివేంద్రాలు పెట్టడం నేటికీ సాగుతోంది. ఆళ్లగడ్డకు దగ్గరలోని ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టి చరిత్రలో నిలిచాడు. బొమ్మలసత్రం అన్న పేటపేరులో పాత సత్రాల గుర్తు మిగిలే ఉంది. పాత ఇళ్ల వీధి అరుగులు కూడా ఇలాంటి సదుపాయాలే. నడిచి అలసినవాడు ఎవరినీ అడగకుండా కూర్చోగల చోటు అది. కొత్త ఇళ్లు వీధి అంచు దాకా వచ్చి, అరుగు స్థానంలో పార్కింగు గేటు వెలసినప్పుడు, ఊరికి తెలియకుండానే వందలాది కూర్చునే చోట్లు పోయాయి. నీడ ఉన్న బెంచీలు, ఏడాది పొడవునా నడిచే తాగునీటి కుళాయిలు, శుభ్రంగా ఉండే మరుగుదొడ్లు ఆ లోటును పూడ్చగల ప్రజా ఏర్పాట్లు.

వాగులు, చెరువు, వరద

నంద్యాల పక్కన కుందూ నది పారుతుంది. మద్దిలేరు వాగు, చామకాలువ పట్టణం గుండా సాగి అందులో కలుస్తాయి. వీటి గట్లు ఆక్రమణకు గురై, గర్భం పూడి, మురుగు చేరి, వాన పడితే వరద తెస్తున్నాయి. 2019 సెప్టెంబరులో కురిసిన కుండపోత వానలకు మహానంది ఆలయ ప్రాంగణం నీట మునిగింది. నంద్యాల చుట్టూ వాగులు పొంగి రాకపోకలు స్తంభించాయి.

వాగు గట్టును నడకదారిగా మలచడం వరద నివారణకూ పనికివస్తుంది. జనం రోజూ నడిచే గట్టును ఆక్రమించడం కష్టం, వాగులో చెత్త వేస్తే నలుగురి కంటా పడుతుంది. పూడిక తీసే యంత్రం వెళ్లడానికి కావలసిన ఖాళీ స్థలమే మిగతా రోజుల్లో నడకకు, సైకిలుకు దారి అవుతుంది. వినాయక నిమజ్జనానికి ఊరంతా చేరే చిన్నచెరువు కట్ట కూడా అలాంటి అవకాశమే. ఒక్క పండుగనాడు కాక ఏడాదంతా ఉదయం, సాయంత్రం నడిచేవారికి ఆ కట్ట ఉపయోగపడాలంటే వెలుతురు, నీడ, చెరువులోకి మురుగు రాకుండా అడ్డుకట్ట కావాలి. ముందు మురుగు ఆపకుండా పైన రెయిలింగులు, బొమ్మలు పెడితే వాసన తట్టుకోలేక ఎవరూ రారు.

పచ్చని భూములు

నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం శతాబ్దానికి పైగా పత్తి, వరి, శనగ, జొన్న వంగడాల మీద పనిచేస్తోంది. ఇక్కడ రూపొందిన నరసింహ పత్తి రకం రైతుల్లో బాగా వ్యాపించింది. పట్టణానికి ఆనుకుని ఉన్న ఈ పొలాలు ఊరికి చల్లదనమిచ్చే పచ్చని ప్రాంతం కూడా. 2021లో ఈ భూమిలో కొంత వైద్య కళాశాలకు కేటాయించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు రైతులు వ్యతిరేకించారు. 2023 సెప్టెంబరులో నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది.

వైద్య కళాశాల జిల్లాకు అవసరమే, పరిశోధనా భూమీ అవసరమే. ఊరికి కావలసిన కొత్త సంస్థలన్నిటికీ ఖాళీగా కనిపించే ప్రభుత్వ భూమే మొదట గుర్తుకు రావడం కొత్త జిల్లా కేంద్రాలన్నిటా జరుగుతోంది. కలెక్టరేటు, కోర్టులు, కళాశాలలు ఊరి బయట ఒక్కొక్క మూలకు పోతే ప్రతి పనికీ బండి తప్పనిసరవుతుంది. బస్టాండుకు, రైల్వే స్టేషనుకు నడిచి చేరగల దూరంలో ఉంటే పల్లె నుంచి వచ్చినవారికి ఆటో ఖర్చు మిగులుతుంది. కార్యాలయం ఎక్కడ కట్టాలన్న నిర్ణయం ఆ పట్టణపు నడకను ఏ కాలిబాట కంటే ఎక్కువగా శాసిస్తుంది.

వీధి వ్యాపారం

పొద్దున్నే ఉగ్గాని, బజ్జి అమ్మే బండ్లు, సాయంత్రం జొన్నరొట్టెలు కాల్చే మహిళలు, పండ్ల తోపుడు బండ్లు, పూల గంపలు లేకుండా ఈ ఊళ్ల వీధులను ఊహించలేం. రాత్రిపూట వీధిలో నలుగురు మనుషులుండేలా చేసేది వీళ్లే. ఒంటరిగా నడిచే ఆడవాళ్లకు దీపపు స్తంభం కంటే వెలుగుతున్న టిఫిన్ బండి ఎక్కువ ధైర్యం ఇస్తుంది. ఇదే వ్యాపారం కాలిబాటను పూర్తిగా కమ్మేస్తే నడిచేవారికి దారి ఉండదు.

2014 వీధి వ్యాపారుల చట్టం ఈ రెంటినీ సర్దుబాటు చేయడానికే వచ్చింది. ప్రతి పట్టణంలో వ్యాపార కమిటీ ఉండాలి, సభ్యుల్లో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు కావాలి, వారిలో మూడోవంతు మహిళలు ఉండాలి. ఐదేళ్లకోసారైనా సర్వే జరపాలి. జనాభాలో 2.5 శాతం వరకు వ్యాపారులకు చోటు కల్పించాలి. 2 లక్షల జనాభాకు ఈ లెక్క 5 వేలమందికి వస్తుంది. అంతమందికి ఊరి చివర ఒకే మార్కెట్టు కడితే సరిపోదు. కొనేవాళ్లు నడిచే దారిలోనే, కాలిబాటకు రోడ్డుకు మధ్య గుర్తించిన గళ్లలో చోటివ్వడమే పనికొచ్చే పద్ధతి.

విద్యార్థులు, యాత్రికులు, మహిళలు

నంద్యాల తెలుగు రాష్ట్రాల్లో బ్యాంకు ఉద్యోగ పరీక్షల శిక్షణకు పేరుపొందింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన యువతీ యువకులు నెలల తరబడి హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండి చదువుకుంటారు. వీరిలో చాలామందికి ఇక్కడ సొంత బండి లేదు. గది, మెస్సు, తరగతి, పుస్తకాల షాపు మధ్య రోజూ నడిచేది వీరే. ఊరు అతిథులను ఎలా చూసుకుంటుందో చెప్పగలిగేదీ వీరే. వీరికి కావలసినవి చాలా సామాన్యం: రాత్రి తొమ్మిదికి కూడా వెలిగే వీధి దీపాలు, ఉచితంగా కూర్చుని చదువుకోగల గ్రంథాలయం, నీడ ఉన్న పార్కు, సైకిలు పెట్టుకునే చోటు.

శ్రీశైలం, మహానంది, యాగంటి, అహోబిలం, బెలుం గుహలు అన్నీ ఇప్పుడు నంద్యాల జిల్లాలోనే ఉన్నాయి. 2021 మార్చిలో కర్నూలు సమీపంలోని ఓర్వకల్లు వద్ద విమానాశ్రయం మొదలైంది. అయినా ఎక్కువమంది యాత్రికులు దిగేది రైల్వే స్టేషను, బస్టాండుల్లోనే. స్టేషను గేటు దాటగానే ఏ బస్సు ఎక్కడ దొరుకుతుంది, బస్టాండుకు ఎంత దూరం, మరుగుదొడ్డి ఎటువైపు అన్నది తెలుగు, హిందీ, కన్నడ, ఇంగ్లీషు అక్షరాల్లో కనిపించే పలకలు తక్కువ ఖర్చుతో చేయగల మర్యాద. ఉగాదికి కన్నడ భక్తులు శ్రీశైలానికి పాదయాత్రగా వస్తారు. దారిపొడవునా పల్లెలవాళ్లు వారికి అన్నం, మజ్జిగ పెడతారు. అక్కడ కనిపించే ఆదరణ పట్టణ కూడలిలో కనిపించకపోవడానికి కారణం మనుషుల్లో లేదు, ఏర్పాట్లలో ఉంది.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో రాష్ట్రంలో మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. బస్సు దాకా, బస్సు నుంచి మళ్లీ ఇంటి దాకా సాగే చివరి కిలోమీటరు మాత్రం నడకే. బస్టాపుకు పైకప్పు, కూర్చునే చోటు, దగ్గర్లో దీపం, మరుగుదొడ్డి ఉంటేనే ఉచిత టిక్కెట్టు పూర్తిగా ఉపయోగపడుతుంది. వికలాంగుల విషయంలో 2016 చట్టం బహిరంగ స్థలాలన్నీ అందరికీ అందుబాటులో ఉండాలంటుంది. పురపాలక కార్యాలయం, ఆసుపత్రి, బ్యాంకుల మెట్ల పక్కన వాలు దారి ఉన్నా, దాని దాకా తీసుకువచ్చే వీధిలో వాలు లేకపోతే చక్రాల కుర్చీ ఇంట్లోనే ఉండిపోతుంది.

ఆళ్లగడ్డ ప్రత్యేకత

ఆళ్లగడ్డలో పరిస్థితి వేరు. ఊరు చిన్నది, కార్లు తక్కువ, పొలం నుంచి వచ్చే ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు, యాత్రికుల వాహనాలు, బడిపిల్లలు అందరూ ఒకే వీధిని పంచుకుంటారు. ఇలాంటి చోట రోడ్డును, కాలిబాటను విడదీయడం కంటే వీధి మొత్తాన్ని నిదానంగా నడిచే వేగానికి తేవడమే సరైన మార్గం. నాలుగు రోడ్ల కూడలి, బస్టాండు పరిసరాల్లో మాత్రం ప్రత్యేక కాలిబాట తప్పదు.

రోడ్డు పక్క శిల్పశాలలు ఆళ్లగడ్డకు గుర్తింపు. నల్లరాతి దేవతా విగ్రహాలు, బుద్ధ విగ్రహాలు ఇక్కడి నుంచి దూరప్రాంతాలకు వెళ్తాయి. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఈ విద్యను ఊరే వాడుకోవచ్చు. వీధి పేర్ల పలకలు, మైలురాళ్లు, బెంచీలు, తాగునీటి తొట్లు స్థానిక శిల్పుల చేత చెక్కిస్తే ఆళ్లగడ్డ వీధి మరే ఊరి వీధిలా ఉండదు. రాతిదుమ్ము, యంత్రాల చప్పుడు ఇళ్లకు, బడులకు తగలకుండా శిల్పశాలలకు నీళ్లు చల్లే కోత యంత్రాలు, వేరే పని స్థలం ఏర్పాటు చేయడం శిల్పుల ఊపిరితిత్తులకూ మేలు.

సంక్రాంతి తర్వాత మొదలయ్యే అహోబిలం పారువేట ఉత్సవంలో స్వామి పల్లకి సుమారు నలభై రోజులపాటు ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతుంది. ఊరూరా పల్లకి దింపే తెలుపులనే అరుగులు ఉన్నాయి. ఆళ్లగడ్డ పరిసర గ్రామాలను కాలిదారిన కలిపే ఈ పాత మార్గాన్ని గుర్తించి, తెలుపుల దగ్గర చెట్టు, నీరు నిలిపితే యాత్రికులకే కాక పొలాలకు వెళ్లే వారికీ ఉపయోగపడుతుంది.

ఇతర పట్టణాల అనుభవం

తెలంగాణలోని సూర్యాపేట 2000ల తొలినాళ్లలో ఇంటింటి చెత్త సేకరణతో కుండీలు లేని పట్టణంగా పేరు తెచ్చుకుంది. వీధి మూల చెత్తకుండీ పోయిన చోట నడవడానికి జాగా దొరుకుతుందని ఆ అనుభవం చెప్పింది. సిద్దిపేట కోమటిచెరువు కట్టను నడకదారిగా మార్చి ఊరికి కూడలి స్థలం సంపాదించుకుంది. చెన్నైలో 2014లో మోటారు రహిత రవాణా విధానం వచ్చింది. 2019లో పాండీబజారు వెడల్పాటి కాలిబాటలతో తెరుచుకుంది. పార్కింగు తగ్గితే వ్యాపారం పడిపోతుందన్న భయం అన్నిచోట్లా ఎదురయ్యేదే.

స్పెయిన్‌లోని పొంతెవెద్రా జనాభా లక్ష లోపే. 1999 నుంచి ఆ ఊరు నడిబొడ్డులో కార్లను బాగా తగ్గించి, వీధులను పాదచారులకు ఇచ్చింది. ఊళ్లోని ముఖ్య స్థలాల మధ్య నడక ఎన్ని నిమిషాలో చూపే పటం వేసి పంచింది. నంద్యాలలో బస్టాండు, స్టేషను, ఆసుపత్రి, కలెక్టరేటు మధ్య నిమిషాల లెక్క చెప్పే పలకలు పెట్టడానికి పెద్ద నిధులు అక్కర్లేదు.

పాలన, నిధులు

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ వీధి దీపాలు, పార్కింగు, బస్టాపులు, ప్రజా సదుపాయాలు, పార్కులను పురపాలక సంఘాల బాధ్యతల్లో చేర్చింది. ఆచరణలో ఒక వీధి మీద అధికారం అనేక శాఖల మధ్య చీలి ఉంటుంది. రోడ్డు ఒక శాఖది, కాలువ మరొకరిది, స్తంభం విద్యుత్ సంస్థది, బస్టాపు ఆర్టీసీది, ట్రాఫిక్ పోలీసులది. కొత్తగా వేసిన రోడ్డును పైపు కోసం వారంలోనే తవ్వడం ఈ చీలిక ఫలితమే. పనుల క్రమం పైపులు, మురుగు, తీగలు, ఆ తర్వాత కాలిబాట, చివర్లో తారు అన్న వరసలో ఉండాలి.

2019 అక్టోబరు నుంచి ఉన్న వార్డు సచివాలయాల్లో ప్రణాళిక, సదుపాయాలు, పారిశుధ్యం చూసే కార్యదర్శులు ఉన్నారు. తమ వార్డులో కాలిబాట ఎక్కడ తెగింది, దీపం ఎక్కడ లేదు, బండ ఎక్కడ విరిగింది అన్న జాబితాను ప్రజలతో కలిసి నడుస్తూ తయారు చేయడం వీరికి సాధ్యమైన పని. 2021 నుంచి రాష్ట్రంలో ఆస్తిపన్నును ఆస్తి మూలధన విలువ ఆధారంగా లెక్కిస్తున్నారు. వీధి బాగుపడి ఆస్తి విలువ పెరిగితే పన్ను రాబడి పెరుగుతుంది. ఆ పెరుగుదలలో కొంత భాగాన్ని అదే వీధి నిర్వహణకు కేటాయించడం నిలకడైన నిధికి మార్గం.

అంచనా

నంద్యాల, ఆళ్లగడ్డలకు మహానగరాలు పోగొట్టుకున్న సంపద కొంత ఇంకా ఉంది: తక్కువ దూరాలు, కలగలిసిన బజారులు, ఒకరినొకరు గుర్తుపట్టే ఇరుగుపొరుగు, దాహానికి నీళ్లిచ్చే అలవాటు. వీటిని నిలుపుకోవడానికి కావలసిన పనులు చిన్నవి: తెగని కాలిబాట, మూసిన మురుగు కాలువ, పాఠశాల ముందు నిదానించే బండి, నీడనిచ్చే చెట్టు, ఆక్రమణ లేని వాగు గట్టు, నడిచి చేరగల ప్రభుత్వ కార్యాలయం. పైవంతెన లాగా శిలాఫలకానికి పనికిరావు గనుక ఇవి ఎప్పుడూ వెనక్కి పోతాయి. జిల్లా కేంద్రం అయిన తొలి దశాబ్దంలో పట్టణం ఎలా పెరిగితే తర్వాతి తరాలు అలాగే జీవించవలసి వస్తుంది. నంద్యాలకు ఆ దశాబ్దం 2032తో ముగుస్తుంది.